తుప్పు, తుపాకీ, గరుకు కాగితం

మంథనిలో మా చిన్నాయన ఇంట్లో గోడకి ఒక పాత తుపాకీ ఉంది. మూతిలోంచి మందు కూరే రకం, మా వైపు బర్మారు అంటారు. గొట్టానికి రంధ్రం పొడిచి, సీసం పోసి ఎప్పుడో పనికిరాకుండా చేసేశారు, కాగితాలు కూడా ఉన్నాయి. గొడవేంటంటే, కోకాపేటలో విల్లా కొన్న మా తమ్ముడు (చిన్నాయన కొడుకు) దాన్ని హాల్లో పెట్టుకుంటాడట. "అన్నా, తుప్పు పట్టిన సామాను ఎవడు చూస్తడే, కొత్తగ మెరవాలె" అని వాడి వాదన. వెల్డింగ్ షాపతను బఫింగ్ చేసి నికెల్ కోటింగ్ వేస్తానన్నాడట, రెండు గంటల పనే!

నేను అడ్డం పడ్డాను. ఎందుకంటే గొట్టం మొదట్లో తుప్పు కింద నాలుగైదు ఉర్దూ అక్షరాలున్నాయి. ఆ తుపాకీ మా తాతకి ఎవరో దొర ఇచ్చాడని ఒక కథ, 1948 గడబిడలో ఎవరో దాచమని ఇచ్చి మళ్ళీ రాలేదని ఇంకో కథ. రెండిట్లో ఏది నిజమో చెప్పగలిగేవి ఇక ఆ అక్షరాలే. గరుకు కాగితం పెట్టి రుద్దాక రోల్‌బ్యాక్ ఉండదు కదా.

నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు సంగతి వినే ఉంటారు. ఆ ఉక్కుతో చేసిన కత్తి మీద నీటి అలల్లాంటి గీతలే దాని ఆనవాలు, బాగా పాలిష్ పడితే అవి మాయమవుతాయి. పాత తుపాకీ గొట్టాల్లోనూ ఇనుప పట్టీలు మెలిపెట్టి చుట్టి అతికినవి ఉన్నాయి, వాటి చారలకీ ఇదే గతి.

అసలు తుప్పంతా ఒకటి కాదు. ఎర్రది పొరలుగా ఊడుతూ లోపలికి తింటూ పోతుంది, దాన్ని తీయాల్సిందే. నల్లగా గట్టిగా పట్టుకున్నది ఇనుముకి ఒకరకంగా కాపలా. పల్చటి నూనె రాసి, నానబెట్టి, మెత్తటి గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే ఎర్రది చాలావరకు వస్తుంది. ఇనుప వస్తువుల మీద మ్యూజియంల వాళ్ళు టానిక్ ఆమ్లం వాడటం కూడా ఉంది. మన కలంకారీ నలుపులో కరక్కాయ, ఇనుము కలిస్తే జరిగేదీ అలాంటిదే :)

కర్ర సంగతి వేరే. మా చిన్నమ్మ ఏటా దసరాకి పల్లినూనె రాసేది. అది ఆరదు, జిగటై దుమ్ము పట్టింది. అవిసె నూనె ఆరుతుంది గానీ ఏళ్ళు గడిచేకొద్దీ కర్రని నల్లబరుస్తుంది. (ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే అంటుకుంటాయి, జోక్ కాదు.) బ్రిటిష్ మ్యూజియం వాళ్ళు 1950ల్లో తయారుచేసుకున్న రెనైసాన్స్ వ్యాక్స్ అని ఒకటుంది, ఇనుముకీ కర్రకీ పల్చగా అదే నయం.

ఇంకోటి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరు వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి. 45(సి) మినహాయింపు, రిపేరు చేసినా పేలనివాటికే. కాబట్టి పైపైన శుభ్రం చేసుకోవడం వరకే, ట్రిగ్గర్ జోలికి మాత్రం ఎవర్నీ పోనివ్వద్దని చిన్నాయనకి గట్టిగా చెప్పాను.

"అండ్ల ఏం రాసుందో తెలిస్తె మంచిదే గదరా" అన్నాడాయన. ఇప్పటికి మూడక్షరాలు బయటపడ్డాయి, ఉర్దూ వచ్చిన మిత్రుడికి ఫొటో పంపాను. తమ్ముడు మాత్రం ఆ వ్యాక్స్ డబ్బా ఎంతని అడుగుతున్నాడు.