కన్ను పోయాక మిగిలే దుఃఖం

"ఒకటి పోతే పోయింది, ఇంకోటి వుంది గదా!" కన్ను పోయినవారిని చూడవచ్చిన ప్రతివారూ అనే మాట ఇది. మంచి మనసుతోనే అంటారు. కాని ఆ మాటతో రోగి నోరు మూతపడుతుంది. ఇంకోటి వున్నప్పుడు ఏడవడం తప్పేమో అనుకుంటాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నాకు ఇటువంటివారు ఎందరో తెలుసు. సిరిసిల్లలో సాంచాల మీద నాడె ఎగిరి తగిలినవారు, కోరుట్ల వైపు కోతల్లో వరి కంకి గుచ్చుకుంటే ఆకుపసరు పోసుకుని పుండు ముదరబెట్టుకున్నవారు. (పసర్ల సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.) గాయం గురించి అందరూ అడుగుతారు, దుఃఖం గురించి అడిగేవారు తక్కువ.

కన్ను తీసివేశాక కొందరికి ఆ లేని కంట్లోనే మెరుపులు, రంగులు, ఒక్కోసారి ఆకారాలు కనిపిస్తాయి. నొప్పి కూడా తెలుస్తుంది. ఒక సాంచాల కార్మికుడు ఈ సంగతి నెలల తరబడి భార్యకు కూడా చెప్పలేదు. ఒకరోజు రోగులంతా వెళ్లిపోయేదాకా ఆగి, "సారూ, లేని కంట్ల మెరుపులు కొడుతున్నయ్. నాకు పిచ్చి లేస్తున్నదా?" అన్నాడు. పిచ్చి కాదు. కన్ను పోయినా, దాని కబుర్లు అందుకునే మెదడు భాగం అలాగే వుంది. కాలు తీసేసినవారికి లేని పాదం దురద పెట్టినట్లే ఇదీ. అది విని చాలాసేపు ఏడ్చాడు. నేను ఆపలేదు.

అయితే వున్న కంట్లో మెరుపులు వచ్చినా, ఎర్రబడినా, మసకబారినా ఆ రోజే కంటి డాక్టరుకు చూపించండి.

మొదట్లో గ్లాసులో పోసే నీళ్లు పక్కన పడతాయి, మెట్టు అందదు. దూరం అంచనా వేయడంలో రెండు కళ్లకూ పాత్ర వుంది మరి. చెంబు మూతి గ్లాసు అంచుకు ఆనించి పోయండి. కొన్ని నెలల్లో మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుంది. మన్సూర్ అలీఖాన్ పటౌడీ 1961లో కారు ప్రమాదంలో కుడికంటి చూపు పోగొట్టుకుని, ఆ డిసెంబరులోనే టెస్టు ఆడాడు. 1962లో కెప్టెనయ్యాడు. కాని ఆయన్ని చూపించి రోగిని సిగ్గుపరచకండి. నవాబుగారికి సాంచాలు నడిపే పని లేదు.

ఆడవారిని ఎక్కువగా బాధించేది అద్దం. పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు. గాయం మానాక, సాధారణంగా ఆరు వారాలు దాటాక, రెండో కంటికి సరిపోయే రంగుతో పెట్టుడు కన్ను చేయించుకోవచ్చు. దానితో చూపు రాదు. ఈ మాట ముందే చెప్పాలి.

సదరం శిబిరంలో రెండో కన్ను బాగుంటే 30 శాతమే రాస్తారు, పింఛనుకు 40 కావాలి. "నాకేం పోలేదన్నట్టు రాసిన్రు" అని ఒకామె ఆ కాగితం నా బల్లమీద పడేసింది. ఆ అంకె చూపుకు వేసిన లెక్క, ఆమె ముఖానికి కాదు.

నిద్ర, తిండి రెండు వారాలకు మించి పాడైతే, తాగుడు పెరిగితే, చావు మాట నోట వస్తే ఆలస్యం చేయక జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. టెలిమానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇక పనిలోకి తిరిగి వెళ్లేవారు, పవరు అవసరం లేకపోయినా, పాలికార్బొనేట్ అద్దాలు పెట్టుకోనిదే సాంచా ముందు నిలబడకండి.