కొట్టిన సారుకి ఎంక్వైరీ, తిరగబడిన కూలికి గేటు

2020 జూన్ 27. నెల్లూరు టూరిజం ఆఫీసు. మాస్కు పెట్టుకోమన్నందుకు ఒక కాంట్రాక్టు ఉద్యోగినిని, అందులోనూ వికలాంగురాలిని, డిప్యూటీ మేనేజరు లాగి కొట్టాడు. సీసీ కెమెరా వీడియో బయటికొచ్చింది. అరెస్టు చేశారు, సస్పెండు చేశారు.

సస్పెండు చేయడమంటే ఉద్యోగం పీకేయడం కాదు. విచారణ తేలేదాకా పక్కన కూర్చోబెట్టడం. ఆ కాలంలో కొంత జీతం భృతిగా వస్తుంది. ఛార్జిషీటు ఇవ్వాలి, జవాబు చెప్పుకోనివ్వాలి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వాలి. తొలగింపు ఆ తర్వాతే.

"కొట్టినోడికి ఇంత మర్యాదా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఉండాలి తమ్ముడూ. ఆ మర్యాద మనవాళ్లకు అందకపోవడమే నా గొడవ.

ఇందుకూరుపేట, విడవలూరు, కావలి... ఈ తీరమంతా రొయ్యల చెరువులు, షెడ్లు. సూపర్‌వైజరు చెయ్యి చేసుకుంటే మన అక్క ఆ చెయ్యి విదిలించిందనుకోండి. "గొడవ చేసింది" అని ఆమె మీదే రాస్తారు. కాగితం ఇవ్వరు. కాంట్రాక్టరు ఫోన్ చేసి "రేపట్నించి రావద్దు" అంటాడు. అక్కడితో అయిపోయింది. హింస చేసిందని తీసేస్తే గ్రాట్యుటీ కూడా ఆపేయొచ్చని చట్టం చెబుతోంది. అందుకే ఆ ఒక్క మాట రుజువు కాకుండా ఎవరి మీదా పడకూడదు.

1946లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలో, స్టాండింగ్ ఆర్డర్ల చట్టం వచ్చింది. ఏది తప్పో, దానికి విచారణ ఎలాగో యజమాని ముందే రాసిపెట్టాలి. కార్మికులకు అర్థమయ్యే భాషలో గేటు దగ్గర అతికించాలి. అప్పుడది 100 మంది ఉన్నచోట వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లో ఆ లెక్క 300 అయింది. చిన్న షెడ్లన్నీ బయటపడ్డాయి.

లా చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఊరి షెడ్డులో ఇలా జరిగితే మొదట తొలగింపు కాగితం అడగండి. సీసీ ఫుటేజీ చెరిపేయొద్దని అదేరోజు రాతపూర్వకంగా ఇవ్వండి. కొట్టినందుకు పోలీసు ఫిర్యాదు పెట్టండి. కులం పేరుతో తిట్టి ఉంటే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. ఆ మేనేజరుకు దొరికిన విచారణే మన అక్కకూ కావాలి. అంతకన్నా ఎక్కువేమీ అడగట్లేదు.

జై భీమ్.