ఆ ఊరి డాలు మీద నల్లని వీరుడు

పుస్తకం కాలికి తగిలితే తీసి కళ్లకద్దుకోమంటారు మన పెద్దవాళ్లు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లు జర్మనీలోని కోబుర్గ్ పట్నానికి వెళితే కాస్త ఇబ్బంది పడాల్సిందే. ఎందుకంటే అక్కడ వీధిలో మ్యాన్‌హోల్ మూతల మీద ఓ మనిషి మొహం ఉంటుంది. ఉంగరాల జుట్టు, చెవికి పోగు... ఓ ఆఫ్రికా మనిషి తల అది. ఆయన ఎవరో కాదు, ఆ ఊరిని కాపాడే సాధువు!

ఊరి అధికారిక చిహ్నమూ అదే. బంగారు రంగు డాలు, మధ్యలో నల్లని తల. ఊరి జెండాలోనూ ఆ రెండు రంగులే... నలుపు, పసుపు.

కోబుర్గ్ చిన్న ఊరు. బవేరియా రాష్ట్రానికి ఉత్తరపు అంచున ఉంటుంది. జనాభా 40 వేల పైచిలుకు. మన లెక్కలో ఓ మామూలు మున్సిపాలిటీ. ఊరి మీద కొండ, కొండ మీద కోట. 1530లో మత సంస్కర్త మార్టిన్ లూథర్ కొన్ని నెలలపాటు తలదాచుకున్నది ఆ కోటలోనే. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1819లో పుట్టింది ఈ ఊరి పక్కనే. ఇలాంటి చోట డాలు మీదకి ఆఫ్రికా మనిషి ఎలా వచ్చాడు?

ఆయన పేరు మారిస్. మూడో శతాబ్దంలో ఈజిప్టు వైపు నుంచి వచ్చిన రోమన్ దళానికి నాయకుడని కథ. తోటి క్రైస్తవుల మీద కత్తి ఎత్తమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఆయన ఎత్తనన్నాడు. దళంతో సహా ప్రాణాలైనా ఇచ్చాడు కానీ మాట వినలేదు. ఆ మారిస్‌నే కోబుర్గ్ తన రక్షకుడిగా ఎంచుకుంది. ఊళ్లోని పెద్ద చర్చి కూడా ఆయన పేరు మీదే ఉంది. లూథర్ మాట విని ఊరంతా ప్రొటెస్టెంటుగా మారాక సాధువుల పూజలు తగ్గిపోయాయి. డాలు మీద తల మాత్రం అలాగే ఉండిపోయింది. కాలం గడిచేకొద్దీ జనం మారిస్ పేరు మరిచి 'మోర్' అనడం మొదలెట్టారు. నల్లవాడు అనడానికి పాత జర్మన్ మాట అది. పేరు పోయి రంగు మిగిలిందన్నమాట!

ఆ రంగే ఓ రోజు నేరమైంది. 1922లో హిట్లర్ కొన్ని వందలమంది అనుచరులతో రైలెక్కి ఈ ఊరొచ్చాడు. వీధుల్లో కొట్లాటలు జరిగాయి. ఆ తరవాత ఏడేళ్లకే, అంటే 1929లో ఊరి కౌన్సిల్‌లో నాజీలు సగానికి పైగా సీట్లు గెలిచారు. జర్మనీలో ఓ పట్నం అలా వాళ్ల చేతికి రావడం అదే మొదటిసారి. నల్లవాడి తలని నెత్తిన పెట్టుకుని ఊరేగడం వాళ్లకి కుదరదు కదా! 1934లో మారిస్‌ని చిహ్నం నుంచి తీసేశారు. ఆయన స్థానంలో ఓ కత్తి వచ్చింది. దాని పిడి మీద స్వస్తిక. కత్తి ఎత్తనన్నందుకు చచ్చిపోయిన మనిషిని తీసేసి కత్తిని పెట్టడం... ఇంతకంటే విడ్డూరం ఏముంటుంది?

1945లో యుద్ధం ముగిసింది. కత్తి పోయింది. మారిస్ మళ్లీ డాలు మీదకి వచ్చాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మరణం తరవాత, ఆ చిహ్నాన్ని మార్చాలంటూ సంతకాల సేకరణ మొదలైంది. లావు పెదవులు, చెవిపోగుతో ఉన్న ఆ బొమ్మ నల్లవాళ్లని కించపరిచేలా ఉందన్నది వాళ్ల మాట. వెంటనే వద్దంటూ ఇంకో సంతకాల సేకరణ! 'నాజీలు తీసేసిన చిహ్నం ఇది. మనమూ తీసేస్తే వాళ్లకీ మనకీ తేడా ఏంటి' అన్నది వీళ్ల వాదన. చిహ్నం మాత్రం మారలేదు.

రెండు మాటల్లోనూ నిజముంది. మాగ్డెబుర్గ్ చర్చిలో 1240 ప్రాంతంలో చెక్కిన మారిస్ విగ్రహం ఒకటుంది. కవచం తొడుక్కున్న ఆఫ్రికా వీరుడు, నిండైన మనిషి. దాని పక్కన కోబుర్గ్ బొమ్మని పెట్టి చూస్తే అభ్యంతరం ఎందుకో ఇట్టే అర్థమవుతుంది. ఒకటి మనిషి ముఖం, రెండోది 'నల్లవాడు ఇలాగే ఉంటాడు' అనుకుని గీసిన గుర్తు. అలాగని తుడిచేస్తే? ఒకప్పుడు ఈ ఊరివాళ్లు ఓ నల్లని మనిషిని తమ రక్షకుడనుకున్నారన్న సంగతీ దాంతోపాటే చెరిగిపోతుంది.

ఇంకో మాట కూడా ఉంది. 'నాజీలు తీసేశారు' అని చెప్పుకోవడం తేలికే. ఆ నాజీలకి ఓట్లేసి కౌన్సిల్‌లో కూర్చోబెట్టింది ఎవరు? ఈ ఊరివాళ్లే. చిహ్నం కథ చెప్పేటప్పుడు ఆ ముక్క దాచేస్తే అది సగం కథే.

బొమ్మ తనంతట తాను ఏమీ చెప్పదు. దాని పక్కన నిలబడి చెప్పేవాళ్లుండాలి. ఏ పిల్లాడో ఆ మ్యాన్‌హోల్ మూత మీద కాలు పెట్టబోయి, ఆగి, 'ఎవరీయన?' అని అడుగుతాడు. 'నల్లవాడురా' అని వాళ్ల నాన్న సరిపెట్టేస్తే ఆ బొమ్మ నిజంగానే అవమానం. 'కత్తి ఎత్తమంటే ఎత్తనన్న మనిషిరా, మన ఊరు ఓసారి ఆయన్ని గెంటేసింది కూడా' అని చెబితే... ఆ పిల్లాడు మూత తొక్కకుండా పక్కనుంచి వెళ్తాడేమో!