మిరప కళ్ళము

మాఘమాసం వస్తే మా బళ్ళారి ప్రాంతపు తెలుగిళ్ళలో మాటలన్నీ మిరపపండ్ల మీదనే. గుమాస్తా ఉద్యోగానికి పట్నం చేరినా, ఊళ్ళో ఉమ్మడి చేను ఉన్నది గనుక మా ఆదివారాలు కళ్ళంలోనే గడుస్తాయి.

కోసిన పండులో నూటికి 70 పాళ్ళకు పైగా నీరే. అది 10, 11 పాళ్ళకు దిగితేగాని సరుకు నిలువ ఉండదు. పగలు ఆరినది రాత్రి మంచుకు మళ్ళీ మెత్తబడుతుంది. సాయంత్రం పట్టా కప్పాలి, తెల్లవారి తీయాలి. మబ్బు పట్టిందా, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. తడి నిలిచినచోట బూజు పడుతుంది. ఆ బూజులోనే అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టవచ్చును. తెల్లబారినవి తాలు. బ్యాడగి మార్కెట్టులో రంగు చూసే కదా ధర కట్టేది!

సోలారు డ్రయ్యరు పెడదామని మా తమ్ముడి పట్టు. పాలిథీన్ కప్పిన గూడు అది. లోపలి గాలి వేడెక్కి, కాయల తేమను పీల్చుకొని పైగొట్టం గుండా పోతుంది. క్రిందనుంచి కొత్త గాలి వస్తుంది. మంచు, దుమ్ము, కోళ్ళు దరిచేరవు. వేడి మాత్రం 60 డిగ్రీలు దాటనీయరాదు, రంగు చెడుతుంది.

“సూర్యభగవానుడికి గొడుగు పట్టే తెలివా ఇది?” అన్నారు మా పెదనాన్నగారు.

చేనంతా ఒక్కసారే పండితే ఒక్క గూడు చాలదు. ఆ మాట నిజమే. అయినా మబ్బు రోజుల కోతకూ, ఇంటి కారానికీ సరిపోతుంది. ముందు చిన్నది ఒకటి కట్టి, ఖర్చు ముగ్గురన్నదమ్ములం పంచుకుందామని నిశ్చయించాము. పెదనాన్నగారు స్థలం చూపించారు, కళ్ళానికి దక్షిణాన, నీడ పడనిచోట.