మొదటి మాస్క్

మా నర్సీపట్నంలో సముద్రం లేదు. నేను ఈత నేర్చుకుంది తాతయ్య పొలం బావిలో. రుషికొండలో స్కూబా చేద్దామనుకోగానే గేర్ లిస్ట్ పెద్దగా రాసేశాను. ట్యాంక్, రెగ్యులేటర్ వాళ్ళే ఇస్తారని తెలిశాక మాస్క్ ఒక్కటే మిగిలింది.

నాకు మైనస్ 4 సైట్. కళ్ళజోడు మీద మాస్క్ వేస్తే కాడల పక్క నుంచి నీళ్ళొస్తాయి. పవర్ అద్దాలు పట్టే మాస్కే కావాలి. స్ట్రాప్ లేకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చాలి. చెయ్యి తీసినా పడకపోతే అదే మనది. నాకు మూడోది నిలబడింది.

ముందు బావిలోనే మునిగి చూశాను. ఇన్నేళ్ళూ నా భయం నీళ్ళంటే కాదు, కనపడకపోవడమంటే అని అప్పుడే తెలిసింది. కింది మెట్టు మీద ఎప్పుడో జారిపోయిన మా ఇత్తడి చెంబు! చెయ్యి చాపాను, అందలేదు. నీళ్ళలో అన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. ఇంకాస్త కిందికి వెళ్ళాను.