జూడో హాల్లో కాటా

అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో జూడో హాలుకు చేరేసరికి పిల్లలు కాటా ముందు వరుసలో ఉన్నారు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు 2000లో మొదలుపెట్టిన ఆటల అకాడమీ ఇది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఈ కరువుసీమకు వచ్చి ఆ ట్రస్టు పెట్టారు. 2010లో రఫేల్ నాదల్ వచ్చి టెన్నిస్ బడి తెరిచాక బయటివాళ్ళకు ఈ చోటు టెన్నిస్‌తోనే గుర్తు. నేను జూడో కోసం వచ్చాను. ఇందులో బరువు తేలాకే ఆట. ఆడవాళ్ళ పోటీల్లో 48 కిలోల నుంచి 78 పైదాకా ఏడు తరగతులు.

కాటా 49న్నర చూపగానే ఒక అమ్మాయి మొహం ముడుచుకుంది.

"ఒకటిన్నర దిగాల సార్. రెండ్రోజులు సంగటి మానేస్తా."

"ఏంటికి మానేసేది? దిగేది నీళ్ళు, పోయేది బలం. 52లో ఆడు," అన్నాడు కోచ్.

"ఆ తరగతిలో అందరూ పెద్దోళ్ళుంటారు సార్."

"నువ్వూ పెద్దదానివి కావాల్నే కదా!"

తర్వాత నన్నూ ఎక్కమన్నాడు. కోచ్, నేను ఇంచుమించు ఒకే ఎత్తు. బరువూ కిలో అటూ ఇటూ. బీఎంఐ లెక్క వేస్తే ఇద్దరికీ 23 దగ్గర. ఆసియా వాళ్ళు జాగ్రత్తపడాల్సిన గీత అదే. కానీ ఆయన తాడు పట్టుకుని చేతుల మీదే పైకప్పుదాకా పాకాడు. నేను మెట్లెక్కినా ఆయాసపడతాను. నా చొక్కా కింద ఉన్నదేమిటో కాటాకు తెలియదు.

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే వేసుకుని ఈ సంగతి చెప్పారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. పుణె పల్లెల్లో పుట్టిన పిల్లలను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చినప్పుడు కూడా ఇదే కనిపించింది: సగటు బరువు సౌతాంప్టన్‌లో 3.5 కిలోలు, పుణె పల్లెల్లో 2.7. తక్కువైనదాంట్లో కండ వాటా ఎక్కువ. చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు. బక్కగా ఉన్నవాళ్ళకు షుగరేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళకు జవాబు కొంతవరకు ఇక్కడుంది. రక్తంలోని చక్కెరలో పెద్ద భాగాన్ని వాడుకునేది కండే మరి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదృష్టమనుకునే నేల ఈ అనంతపురం. కలుపు తీసి, శెనక్కాయ పీకి, నీళ్ళబిందెలు మోసిన అవ్వలకు కండ పనిలోనే వచ్చింది. ఆ కష్టాన్ని వ్యాయామమని పొగడడం నాకు నచ్చదు. సగం కడుపుతో మోసిన బరువది. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక సంగటి, కొర్రన్నం తిన్న ఇళ్ళలో వరన్నం పెరిగింది. బియ్యాన్ని తప్పుపట్టను, ఆకలి తీర్చింది. కానీ ఆకలి తీరడం వేరు, కండ పట్టడం వేరు. జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు చెప్పే లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను. యాభై కిలోల మనిషికి నలభై పైచిలుకు గ్రాములు. శెనక్కాయ పప్పులో పావు వంతు ప్రోటీనే. అంత పంట పండించే జిల్లా అమ్మేది నూనె మిల్లుకు, తినేది ఊరిబిండి మందం.

కూతుర్ని చూడ్డానికి వచ్చిన ఒకమ్మ నాతో గొణిగింది: "చేతులు మొగపిల్లోని మాదిరి అయినాయి సార్. రేపు పెండ్లికి ఎవురొస్తారు?" కోచ్ నవ్వి ఊరుకున్నాడు. నాకైతే ఆ అమ్మాయి రేపు కనబోయే బిడ్డ బరువే గుర్తొచ్చింది. తల్లి తిండీ రక్తమూ బాగుంటే ఆ 2.7 కాస్త పైకి జరుగుతుంది. పెళ్ళిచూపుల్లో ఎవరూ అడగని లెక్క ఇది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర 49న్నర అమ్మాయి పళ్ళెంలో రెండో సంగటి ముద్ద కనిపించింది. 52లో పేరు ఇచ్చేసిందట.