ఎండ రేపూ వస్తుంది... ఊరు?

మధిరలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌కి ఆషాఢం వచ్చిందంటే సెలవులే. ముహూర్తాలుండవు, ఆల్బమ్‌ల తొందర ఉండదు. స్టూడియో షట్టర్ సగం దించి, కెమెరా సంచీ భుజాన వేసుకుంటాడు. పెళ్లి ఫోటోలు ఇల్లు గడవటానికి. కొండలూ ఏర్లూ తనకోసం.

మొదటి మజిలీ ఊరి పక్కనే ఉన్న వైరా ఏరు. చలికాలంలో దానిమీద పొగమంచు లేస్తుంది. సూర్యుడు రావడానికి అరగంట ముందే స్టాండు నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత వెళ్తే మంచూ ఉండదు, ఆ నీలిరంగూ ఉండదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కల్లాలు. మిట్టమధ్యాహ్నం తీస్తే ఎరుపంతా ఒకటే ముద్ద. పొద్దుటి ఏటవాలు ఎండలో అయితే ఒక్కో కాయకీ ఒక్కో నీడ!

“ఏందయ్యా, ఇంత పొద్దుగాల మిరపకాయల్ని ఫోటో తీస్తున్నవ్?” అంటుంది కల్లంలోని పెద్దావిడ.

“కాయల్ని కాదు పెద్దమ్మా, వాటిమీద పడ్డ ఎండని.”

“ఎండ ఏడికి పోతది బిడ్డా! రేపు గూడ వస్తది.”

నిజమే. ఎండ రేపూ వస్తుంది. కానీ అన్నీ రావు కదా!

భద్రాచలం వెళ్లేవాళ్లకి పాల్వంచ వచ్చిందని చెప్పిన గుర్తులు అక్కడి థర్మల్ కేంద్రం పాత కూలింగ్ టవర్లు. 2024 ఆగస్టు 5న ఆ ఎనిమిదింటినీ కూల్చేశారు. క్షణాల్లో ఆకాశం ఖాళీ అయిపోయింది. ‘ఎప్పుడూ ఉండేవే కదా’ అని బస్సు కిటికీలోంచి చూసి ఊరుకున్నవాళ్ల దగ్గర ఇప్పుడు వాటి ఫోటో లేదు.

ఇక గోదావరి. పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనే దానికి వరదలూ మొదలవుతాయి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986లో వచ్చిన 75.6 అడుగుల వరద తర్వాత అంతటిది అదే. కానీ వరద వచ్చి పోతుంది. పోలవరం నీళ్లు అలా కాదు. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉన్న కూనవరం, వేలేరుపాడు, కుక్కునూరు వంటి మండలాలను 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది ఆ ప్రాజెక్టు కోసమే. జలాశయం పూర్తిస్థాయి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అంతవరకూ నీళ్లు నిలిస్తే మునిగేవి పొలాలు మాత్రమే కాదు. ఊళ్లు, ఊరి చెట్లు, గుడి మెట్లు, పశువులు నడిచిన బాటలు.

అందుకే ఈ ఫోటోగ్రాఫర్ చేతిలో కెమెరా ఉన్నా కాస్త భయంతోనే పనిచేస్తాడు. ముందు ఆ ఇంటివాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే తీస్తాడు. జేపెగ్‌లో కాకుండా ‘రా’ ఫైల్‌గా తీస్తాడు. జేపెగ్‌లో ఒక్కో రంగుకీ 256 ఛాయలే. పద్నాలుగు బిట్ల రా ఫైల్‌లో 16,384. తెల్లటి మబ్బూ, చూరు కింది చీకటీ రెండూ దక్కేది అందులోనే.

ఇంటికొచ్చాక అసలు పని. కంప్యూటర్‌లో ఒక్క మీట లాగితే మట్టిరంగు గోదావరి నీలంగా మారిపోతుంది. చూసేవాళ్లు ఆహా అంటారు కూడా! కానీ వరద నీరు ఎర్రగానే ఉంటుంది. అలాగే ఉంచాలి. మరీ చీకటైన చోట కాస్త వెలుతురు, వంగిన నేల గీతకు సవరింపు, అంతే. ప్రతి ఫైల్‌కీ తేదీ, ఊరి పేరు రాయాలి. పేరు లేని ఫోటో కొన్నేళ్లు పోతే ఏ ఊరిదైనా కావచ్చు.

ఆపైన మూడు కాపీలు. రెండు వేర్వేరు రకాల సాధనాల్లో. అందులో ఒకటి మరో ఊళ్లో, చుట్టాలింట్లో. ఇదేం చాదస్తం అని ఇంట్లో నవ్వుతారు. హార్డ్ డిస్క్ చెప్పి చెడిపోదు. ఊరు నీళ్లలో, దాని ఫోటో పాడైన డిస్క్‌లో ఉంటే ఆ ఊరు రెండుసార్లు మునిగినట్టే!

రేపెప్పుడో పునరావాస కాలనీలో పెరిగిన పిల్ల “మన ఇల్లు ఎక్కడుండేది తాతా?” అని అడుగుతుంది. నీళ్లకేసి వేలు చూపిస్తే సరిపోదు. చేతిలో ఒక ఫోటో ఉండాలి. వెనక ఊరి పేరు రాసి ఉండాలి.